కిలో రాయి ధర

లాడ్జి మూసేసిన రోజు
రెండు నెలల జీతం బదులు
రిసెప్షన్లోని గాజుతొట్టి చేతికొచ్చింది.
మూడడుగుల పొడవు, ఒక మూల చిన్న పెచ్చు.
కొర్లగుంట సందులో నలుగురం మోసుకొస్తుంటే
"ఇందులో ఎవుర్ని ముంచుతావు మొగిలీ?" అన్నాడు టీకొట్టు గురవయ్య.
సముద్రాన్ని, అన్నాను.
వీధి నవ్వింది.

చెన్నై అంగడివాడు ఫోన్లో చెప్పాడు:
ప్రాణమున్న రాయి కిలో తొమ్మిదొందలు,
తొట్టి నిండాలంటే పది కిలోలకి తగ్గదు.
సెల్లు ఇంకో చెవికి మార్చుకున్నాను.
రాయికి ప్రాణమేందబ్బా.
ప్రాణమున్నోడే ఈ ఊళ్ళో కిలోకి అంత పలకడు.

కొండరాయి ముట్టకూడదు,
అది అడవిశాఖది, ఆపైన దేవుడిది.
కాబట్టి రేణిగుంట రోడ్డు, దొరస్వామి బండల అంగడి,
గేటు వెనక పగిలిన ముక్కల కుప్ప.
జేబులో నిమ్మకాయ, చిన్న చాకు.
కడప బండని గీకి రసం పిండితే
సన్నగా బుసబుసమంది,
గోలీసోడా అప్పుడే కొట్టినట్టు.
సున్నముంది. పనికొస్తుంది.
తుప్పుచార ఉన్నది వద్దు,
లోపల రేకు తళుక్కుమన్నది వద్దు,
రంగు పూసిన గులాబీ గులకరాళ్ళు,
ప్లాస్టిక్ కోట, నోరు తెరిచి మూసే మొసలి
భువన ఏడ్చినా వద్దు.
(ఏడ్చింది. మొసలిని కొన్నాను.
ఇప్పుడది టీవీ పక్కన ఉంది.)

దొరస్వామి ఒక ఎర్రరాయి తిప్పి చూపించాడు.
ఏదో పాత ఇంటి పునాదిలోదంట.
ఒక ముఖమంతా అలలు.
ఉలి పని కాదు.
నీటి అంచున ఇసుక మీద పడే ముడతలే,
ఎవరో ఆరబెట్టి మరిచిపోయినట్టు.
"ఈ కొండలన్నీ ఒకప్పుడు నీళ్ళ కిందియ్యే.
కాలేజీ సార్లొచ్చి చెప్పిపోతారు,
కొనేది మాత్రం లేదు" అన్నాడు.
మిగిలిన చెక్క పిండాను.
ఉలకలేదు, పలకలేదు.
మంచిదే. ఊరుకునే రాయి నీళ్ళని చెడగొట్టదు.
పదకొండు కిలోలు, మొత్తం రెండొందలు.
ఎర్రదానికి విడిగా అడగలేదు.

తర్వాత చెప్పుకోడానికి పెద్దగా లేదు.
బ్రష్షుతో రుద్దడం, వారం బకెట్లో నానబెట్టడం,
అడుగున బరువైనవి, పైన తేలికవి,
గాజుకి ఆనకుండా, చేప దూరేంత సందు వదులుతూ.
గోడలా కట్టకూడదు,
కూలిన గోడలా కట్టాలి.
మూడుసార్లు మరీ చక్కగా వచ్చింది.
మూడుసార్లూ పీకేశాను.

ఉప్పు, వంటింటిది కాదు, సముద్రం చేసే ఉప్పు.
రాళ్ళ దగ్గర మిగిల్చిందంతా దానికే పోయింది.

నెలన్నర ఒట్టి నీళ్ళు, ఒట్టి రాళ్ళు.
చుట్టాలొచ్చి చేపలేవని అడిగి,
కాఫీ తాగి, వనజాక్షి వైపు జాలిగా చూసి పోయారు.
పదహారేళ్ళు నైట్ డ్యూటీ చేసిన కళ్ళు
అంత తొందరగా నిద్ర నేర్చుకోవు.
స్టూలు లాక్కుని కూర్చునేవాణ్ణి,
ఎవరూ దిగని గది బయట కూర్చున్నట్టు.
ఒక తెల్లవారుజామున రాతి అలల మీద
గోధుమరంగు పొర, బూజులా.
గుండె జారింది.
రావాల్సిందేనంట అది.
నీళ్ళు కుదురుకుంటున్నాయంట.

రెండు చేపలొచ్చాయి, నారింజ ఒంటికి తెల్లపట్టీలు,
చెన్నై నుంచి రైల్లో, సంచిలో, నా ఒళ్ళో.
ఎర్రరాయి సందులో కాపురం పెడతాయనుకున్నాను.
ఒక చుట్టు చుట్టి వదిలేశాయి.
మూతి పగిలిందని వనజాక్షి పారేయబోయిన
ఉప్పుకుండ ఒకటి
వెనక మూల పడుకోబెట్టి ఉంచాను,
పెద్దగా కంటికి ఆనకుండా.
అందులోకి దూరాయి రెండూ.

ఇరవై ఏళ్ళు పొయ్యి పక్కన ఉప్పు మోసిన కుండ.

ఆమె వంగి చూసింది.
"నా కుండకి బాడిగ ఎవరిస్తారు?"
పాత అలవాటు,
రిజిస్టరు కోసం చెయ్యి చాచాను.
పేరు. ఊరు.
ఎన్నాళ్ళుంటారు.